ఖాళీ సిలిండర్ల బరువు

ఏడేళ్లుగా ఒక వాక్యాన్ని మోస్తున్నాను. రాసింది నేనే. అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. అందుకే ఇన్నాళ్లూ దాచగలిగాను. అబద్ధం రాసి ఉంటే ఎవరో ఒకరు పట్టుకునేవారు. నిజమైన వాక్యాన్ని ఎవరు తనిఖీ చేస్తారు?

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. రసాయనశాస్త్రం చదివాను. చేశామని ఇతరులు చెప్పిన పని నిజంగా చేశారో లేదో చూడటం నా ఉద్యోగం. ఎవరి మాటనూ కొలవకుండా నమ్మలేదు. నా మాటను మాత్రం ఎన్నడూ తూకం వేసుకోలేదు. కాబట్టి ఇక్కడ రాసినదాన్ని కూడా సందేహంతోనే చదవండి.

పాత ఏసీలలో చల్లదనం కోసం వాడే ఒక గ్యాసు గాలిలో కలిస్తే ఓజోన్ పొరకు చేటు చేస్తుంది. దాని వాడకం దశలవారీగా మానేస్తామని దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. సంపన్న దేశాలు సాయం చేయాలి, మనలాంటి దేశాలు తగ్గించి చూపాలి, చూపినదాన్ని బయటివారు తనిఖీ చేస్తేనే తర్వాతి విడత సాయం. ఆ ఒప్పందంలో ‘చేయాలి’ అని ఉండాలా, ‘చేయవచ్చు’ అని ఉండాలా అని ప్రతినిధులు రోజుల తరబడి వాదించుకుంటారు. ఆ మాట చివరికి వచ్చి ఆగేది మాత్రం మా నగరంలోని జహనుమా అనే బస్తీలో ఏసీలు బాగుచేసే ఒక చిన్న దుకాణంలో. అక్కడ అది నిలబడిందా లేదా అని చూసి రమ్మని నన్ను పంపారు.

మెకానిక్‌లకు శిక్షణ ఇచ్చి, ఒక్కొక్కరికి ఒక యంత్రం, ఒక సిలిండర్ ఇచ్చారు. ఏసీ విప్పే ముందు అందులోని గ్యాసును గాలిలోకి వదలకుండా ఆ యంత్రంతో సిలిండర్‌లోకి లాగాలి. ఎంత లాగారో రిజిస్టర్‌లో రాయాలి. సిలిండర్ నిండితే ఒక కేంద్రంలో అప్పగించి రసీదు తీసుకోవాలి. రిజిస్టర్ చూసి సంతకం పెట్టి వస్తే నా పని అయిపోయేది. నేను అంతటితో ఆగే మనిషిని కాను. వెంట ఒక తూకం పట్టుకెళ్లాను. ఖాళీ సిలిండర్ బరువెంతో దాని మెడ మీదే చెక్కి ఉంటుంది. చాంద్రాయణగుట్ట నుంచి జహనుమా దాకా నాకిచ్చిన జాబితాలోని ప్రతి దుకాణంలోనూ తూచాను. ఒకచోట తప్ప అంతటా రిజిస్టర్ నిండుగా ఉంది. ప్రతిచోటా సిలిండర్ ఖాళీగా ఉంది. రసీదు ఒక్కటీ లేదు.

చివరి దుకాణం యాదగిరిది. పేరు మార్చాను. మా నాన్న బస్సు డిపోలో పనిచేసిన రోజుల్లో మాదీ ఆ గల్లీయే. అతని రిజిస్టర్‌లో మొదటి రెండు పేజీలు మాత్రమే రాసి ఉన్నాయి, తర్వాత అంతా తెలుపు. పక్క దుకాణం సలీంది. ఇద్దరూ ఒకే ఉస్తాద్ దగ్గర పని నేర్చుకున్నారు. రెండు దుకాణాలకూ కలిపి ఒకటే నిచ్చెన.

“ఏందన్నా, రిజిస్టర్ రాస్తలేవా?” అని అడిగాను.

“నీకు అబద్ధం చెప్తనా చెల్లె? మొదాల్ల వాడిన. గా మిషన్ భుజం మీదేస్కొని మూడంతస్తులు గూడ ఎక్కిన. సిలిండర్ నిండింది. నిండినంక ఏడ ఇయ్యాలె? వాళ్లు చెప్పిన జాగకు స్కూటర్ మీద పట్కపోయిన. తాళం. ఇంకోపారి పోయిన. మల్ల తాళం. ఎన్ని దినాలని ఇంట్ల పెట్టుకోవాలె? ఇడిసిపెట్టిన. గప్పట్నుంచి డైరెక్ట్ గాలికే.”

గుమ్మంలో నిలబడి వింటున్న సలీం నవ్వాడు. “మేడం, వీడు బచ్‌పన్ నుంచి గిట్లనే. ఉస్తాద్ అడగకముందే తప్పు చెప్పి దెబ్బలు తింటుండె. పక్కన కూసున్నందుకు నాకు గూడ పడుతుండె.”

“నీ రిజిస్టర్ సంగతేంది భాయ్?” అన్నాడు యాదగిరి.

“నాది మస్తుంది. మా బిడ్డ రాస్తది, దస్తూరి చూడాలె మీరు! చాయ్ తాగుండ్రి మేడం.”

నేను యాదగిరిని చూశాను. “ఇది రాస్తే నీకు ఇబ్బందైతదేమో అన్నా.”

“రాయి. రాయకుంటె పైనోళ్లకు ఎట్ల తెలుస్తది? తాళం తీస్తె మల్ల వాడుత. ఫికర్ జేయకు, రాయి.”

రాశాను. అతను చెప్పినదాంట్లో సగం.

నివేదికలో నా వాక్యాలు రెండు. తనిఖీ చేసిన దుకాణాలలో రిజిస్టర్లు సక్రమంగా ఉన్నాయి, ఒకచోట తప్ప. అక్కడి మెకానిక్ యంత్రాన్ని వాడక గ్యాసును గాలిలోకి వదులుతున్నట్లు స్వయంగా అంగీకరించారు. రెండూ నిజమే. మోస్తున్నానని చెప్పిన వాక్యం ఆ రెండోది. తూకాలు రాయలేదు. తాళం సంగతి రాయలేదు.

ఎందుకు? అన్ని సిలిండర్లూ ఖాళీ అని రాస్తే సాయం ఆగిపోతుందని, మెకానిక్‌లందరూ నష్టపోతారని భయపడ్డానా? చాలాకాలం నాకు నేను అలాగే చెప్పుకున్నాను. ఆ కారణాన్ని కూడా పరీక్షించాను. నిలబడలేదు. అందరి మీదా జాలి ఉన్నదాన్ని ఒక్కరిని మాత్రం ఎందుకు అప్పగించాను? అన్నీ బాగున్నాయని రాస్తే పై పరిశీలకులు నమ్మరు. నేనైనా నమ్మను. ఏ తప్పూ దొరకని తనిఖీని మొదట అనుమానించేది నాలాంటివాళ్లే. నివేదిక నమ్మేలా ఉండాలంటే అందులో ఒక లోపం కావాలి. దాని కోసం నేను వెతకనక్కరలేకపోయింది. ఒక మనిషి తానే తెచ్చి నా చేతిలో పెట్టాడు. సందేహించడం నేర్చుకున్నది అబద్ధాన్ని పట్టుకోవడానికి అనుకునేదాన్ని. ఎదుటివారికి సందేహం రాకుండా రాయడానికీ అదే చదువు పనికొచ్చింది.

యాదగిరి యంత్రాన్ని వెనక్కి తీసుకున్నారు. శిక్షణ పొందినవారి జాబితాలో అతని పేరు కొట్టేశారు. ఒక ప్రభుత్వరంగ కార్యాలయం ఏసీల పని అతని చేతిలో ఉండేది. జాబితాలో పేరుంటేనే ఆ పని. అదీ పోయింది. దుకాణం మూసి, చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ దగ్గర వేరొకరి కింద కూలికి చేరాడు.

నాకు మాత్రం నిశితంగా చూస్తానన్న పేరు వచ్చింది.

ఏడాది తర్వాత నయాపూల్ దగ్గర ఎదురయ్యాడు. నన్ను అనుమానించలేదు. “నువ్వు తాళం సంగతి గూడ మొత్తం రాసే ఉంటవు చెల్లె, నాకెరుక. సలీంగాడే పోయి నా మీద చెప్పిండు. వాని పేరు ఉండుడేంది, నా పేరు పోవుడేంది? గా మాట ఇన్నది వాడొక్కడే గద.” ఉస్తాద్ ఇంట్లో పెళ్లికి కూడా సలీం ఉంటాడని పోలేదట.

అప్పుడు చెప్పి ఉండవచ్చు. బస్సు వచ్చింది. అది నేను ఎక్కవలసిన బస్సు కాదు. ఎక్కాను.

ఈ సంవత్సరం, కొత్త గ్యాసుల మీద చర్చలు జరుగుతున్న ఒక అంతర్జాతీయ సమావేశానికి సాంకేతిక సహాయకురాలిగా వెళ్లాను. వెనుక వరుసలో కుర్చీ. ఒక చిన్న దేశం ప్రతినిధి లేచి, మేము చెప్పినంత తగ్గించలేకపోయాం, ఇవీ కారణాలు, అన్నాడు. ఎవరూ తప్పుపట్టలేదు. ముందుగా చెప్పినందుకు అధ్యక్షురాలు కృతజ్ఞతలు చెప్పింది. ఏ సాయం కావాలో రాసివ్వమంది. తనంతట తాను ఒప్పుకున్న దేశాన్ని దండించకుండా దారిలో పెట్టాలన్నది అక్కడి పద్ధతి. కాగితం మీద నాకది ఎప్పటినుంచో తెలుసు. కళ్లతో చూడటం అదే మొదలు. యాదగిరి చేసింది సరిగ్గా ఇదే కదా? దేశాలకు దక్కే ఆ మర్యాద జహనుమా దాకా ఎందుకు రాలేదు? మధ్యలో నేను నిలబడ్డాను కాబట్టి. హాలులో కూర్చోలేకపోయాను. కారిడార్‌లో అటూ ఇటూ నడిచాను. అప్పటినుంచి నడుస్తూనే ఉన్నాను.

తిరిగివచ్చాక, దాచిన తూకాలన్నీ, తాళం సంగతీ, నా పాత వాక్యంతో సహా రాసి ఆనాడు నన్ను పంపిన కార్యాలయంలో ఇచ్చాను. అందినట్లు ముద్ర వేశారు. జవాబు లేదు. రెండో ప్రతితో చాంద్రాయణగుట్ట వెళ్లాను.

యాదగిరి చేతుల నిండా నూనె. చదివి వినిపించమన్నాడు. చదివాను. నా వాక్యాన్ని నా గొంతులో నేను వినడం అదే మొదటిసారి.

దుకాణం గురించి అడగలేదు. జాబితా గురించి అడగలేదు.

“గట్లయితే సలీం చెప్పలేదా?”

“లేదన్నా. నేను పోయి సలీం భాయ్‌కి చెప్తా.”

“నువ్వొద్దు. వాణ్ని తిట్టింది నేను. ఇన్నేండ్లు తిట్టిన.”

కాగితం నా చేతిలోంచి తీసుకున్నాడు. నూనె అంటింది. మడిచి జేబులో పెట్టుకుని, యజమానికి ఏదో చెప్పి, జహనుమా వైపు నడిచాడు. నన్ను రమ్మనలేదు. పొమ్మని కూడా అనలేదు. క్షమించాడని అనుకోవడానికి నా దగ్గర ఆధారమేమీ లేదు. వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు.

ఆ రెండు వాక్యాలు ఆ నివేదికలో అలాగే ఉన్నాయి. ఇక్కడ మిగతావి రాస్తున్నాను. అన్ని సిలిండర్లూ ఖాళీ. కేంద్రానికి తాళం. యాదగిరి నిజం చెప్పాడు. సలీం ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పింది నేను.

రాయడానికి నిమిషమైనా పట్టలేదు.