నాలుగు రోజులకని పంపారు

నా చిన్నప్పుడు, నాకు పదకొండో ఏడు నడుస్తుండగా, ఒక్కదాన్నే రైలెక్కి హైదరాబాదు వెళ్లి పది రోజులుండి వచ్చాను. ఈ మాట చెబితే మా మనవరాళ్లు నోళ్లు తెరుస్తారు. అంత చిన్నపిల్లను ఒంటరిగా ఎలా పంపారు అమ్మమ్మా అంటారు. ఎలా పంపారో చెప్పడానికే ఇది రాస్తున్నాను. నేను చదివింది అయిదో తరగతి, అదీ పూర్తిగా కాదు. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

మాది కృష్ణా జిల్లాలో ఒక పల్లె. మా మేనత్త భర్త ఆంధ్రరాష్ట్రం, తెలంగాణా కలిసిన కొత్తలో ఆఫీసుతోపాటు హైదరాబాదు వెళ్లిపోయాడు. అబిడ్స్ వెనక ఒక సందులో వాటా తీసుకుని ఉండేవాళ్లు. ఒకరోజు మా నాన్న బడి నుంచి వస్తున్న నన్ను దారిలోనే ఆపి, "పట్నం చూసొస్తావా? నాలుగు రోజులుండు. పై ఆదివారం నేనొచ్చి తీసుకొస్తా" అన్నాడు. మా నాన్న ఎన్నడూ నన్ను ఎక్కడికీ పంపినవాడు కాదు. నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు. అయితే నెలన్నరలో మాకు పెద్ద పరీక్షలు. పాసైతే పక్క ఊరి హైస్కూల్లో ఆరో తరగతిలో చేరుస్తానని ఆయనే మాటిచ్చి ఉన్నాడు. అందుకని పుస్తకాల సంచీ కూడా సర్దుకున్నాను. మా అమ్మ దాన్ని తీసి పక్కన పెట్టి, "నాలుగు రోజులకి పుస్తకాలెందుకే, మోతబరువు" అంది. రెండు జతల లంగాజాకెట్లు గుడ్డసంచీలో పెట్టి ఇచ్చింది. ఆడవాళ్ల పెట్టెలో ఎక్కించి, తోటి ఆడవాళ్లకు నన్ను అప్పజెప్పి పంపారు.

నాంపల్లి స్టేషన్లో మామయ్య నా కోసం నిలబడి ఉన్నాడు. రిక్షాలో అబిడ్స్ దాకా నేను నోరు మూయలేదు. అద్దాల వెనక చీరలు కట్టుకుని నిలబడ్డ బొమ్మలు, ఇరానీ హోటళ్ల ముందు టీ వాసన, నల్ల బురఖాల్లో నవ్వుకుంటూ పోయే ఆడపిల్లలు, ఇంత రద్దీకీ పైన తీరుబడిగా తిరిగే గద్దలు. అన్నీ నాలుగు రోజుల్లో చూసెయ్యాలన్న ఆత్రం నాది.

మా అత్తయ్యకు నెలలు నిండాయి. చంకలో ఒకడు, కొంగు పట్టుకుని ఒకడు. చుట్టంగా వెళ్లినా చేతులు ముడుచుకుని కూర్చోకూడదని మా ఇంట్లో నేర్పారు గనక, నేనే చీపురు అందుకున్నాను, గిన్నెలు తోమాను, పిల్లలకు అన్నం పెట్టాను. "ఎంత బుద్ధిమంతురాలివే" అని అత్తయ్య మెచ్చుకుంటూ ఉంటే ఇంకో పని అందుకునేదాన్ని.

అదే లోగిలికి అవతలి వాటాలో ఒక అక్క ఉండేది. వాళ్లు తరాలుగా హైదరాబాదు వాళ్లే. పొద్దున్నే పంపు దగ్గర నన్ను చూసి, "ఊరు చూడనీకి వచ్చి గిన్నెలు తోముతున్నవేందమ్మా? జర చేతులు కడుక్కో, నాతోని రా" అంది. వాళ్ల నాయన నాంపల్లి బాగేఆంలో, అంటే పబ్లిక్ గార్డెన్సు తోటలో, జంతువులకు మేత వేసే పని చేసేవాడు. ఆయనకు రోజూ మధ్యాహ్నం అన్నం గిన్నె తీసుకెళ్లేది ఆ అక్క. ఆ రోజు నుంచీ నేనూ వెంట వెళ్లాను. అబిడ్స్ నుంచి నాంపల్లి దాకా నడకే. రిక్షా ఎక్కుదామని నేనూ అడగలేదు, ఆవిడా అనలేదు. కాళ్లుండగా డబ్బు దండగ చెయ్యదని ఆవిడ మీద నాకు గౌరవం మొదట అక్కడే కలిగింది.

ఇప్పుడు అక్కడ జంతువులు లేవుగానీ అప్పట్లో బాగేఆంలోనే పులి, ఎలుగుబంటి, నెమళ్లు, దుప్పులు అన్నీ ఉండేవి. చెట్లనిండా రామచిలుకలు. ఒక్కసారి లేచాయంటే ఆకులన్నీ ఎగిరిపోయి కొమ్మలే మిగిలాయా అనిపించేది. పులిని చూసి నేను అక్క కొంగు వెనక దాక్కుంటే అక్క తండ్రి పకపకా నవ్వాడు. ఆయన్ని నేను తాతగారూ అని పిలిచాను. పక్కన కంచె దగ్గర ఒక దుప్పి నిలబడి ఉంటే దాన్ని చూస్తూ, "ఇలా రండి, ఇటు రండి" అన్నాను. అందరూ కొత్త పెద్దవాళ్లేనన్న బెరుకులో నా నోటికి అలా వచ్చేసింది. "మీ దిక్కు దుప్పికి గూడ అండీ అంటరా?" అని ఆ తాత అడిగాడు. ఆ తరవాత ఆయన కూడా దాన్ని నా ముందు "దుప్పిగారూ" అనే పిలిచేవాడు.

ఆ దుప్పికి ఒక చెవి కొస చిరిగి ఉండేది. అది బఠాణీల కాలం. మా వైపు పచ్చి బఠాణీ నేను చూసి ఎరగను. అత్తయ్య గింజలు ఒలుచుకుని తొక్కలు పారబోస్తుంటే నాకు ప్రాణం ఒప్పలేదు. అవి మూటగట్టి పట్టుకెళ్లాను. దుప్పి నా అరచేతిలోంచి తింది. దాని మూతి తడిగా, వెచ్చగా ఉంది. మర్నాటికి నా అడుగుల చప్పుడు విని అదే ఎదురు వచ్చింది.

ఊరి అవతల పెద్ద జంతువుల తోట కడుతున్నారనీ, వీటన్నిటినీ అక్కడికి చేరుస్తున్నారనీ అక్క చెప్పింది. దుప్పుల కంచెలో ఒక చెక్కపెట్టె పెట్టి ఉంది. దాని తలుపును తాడుతో పైకి లాగి కట్టారు. తాత మొదటిరోజు మేతను పెట్టె గడప మీద పెట్టించాడు. రెండోరోజు ఒక జానెడు లోపల. మూడోరోజు ఇంకో జానెడు. తొందరపడితే దుప్పి బెదురుతుందనీ, బెదిరితే గోడకు కొట్టుకుని కాళ్లు విరగ్గొట్టుకుంటుందనీ, అందుకని పెట్టెను దానికి ఇల్లులా అలవాటు చెయ్యాలనీ చెప్పాడు. రోజూ తొక్కలు లోపల పెట్టింది నేనే. అది నా వెనకే తల లోపలికి పెట్టేది, తరవాత ముందుకాళ్లు, తరవాత మొత్తం.

శనివారం నాడు తాత నన్ను పక్కకు పిలిచి, నా ఎత్తుకు వంగి చెప్పాడు. "బిడ్డా, గీ దినం తలుపు పడ్తది. ఇది మళ్ల గీడికి రాదు. నీకు చూడబుద్ధి గాకపోతే ఇప్పుడే ఇంటికి పో. నీకు చెప్పకుంట నీ చేతితోని చేపిస్తే పాపం నాకు తగుల్తది."

నాకు ఏడుపొచ్చింది. "మరి దానికి చెప్పరా తాతగారూ?" అన్నాను.

"దానికి చెప్తే సమజ్ అయితదా? సమజ్ అయ్యేదుంటే గీ తొక్కలెందుకు, గీ తాడెందుకు? ఎదురుంగ కూసోబెట్టి చెప్తుంటి."

నేను కళ్లు తుడుచుకుని వెళ్లి తొక్కలు పెట్టాను. వేరేవాళ్లు పెడితే బెదురుతుందేమోనని. తలుపు పడ్డాక లోపల ఒకసారి గిట్టల చప్పుడైంది. చెక్కల సందులోంచి అది నన్నే చూసింది. నోట్లో తొక్క అలాగే ఉంది, నమలడం మానేసింది. అక్క నా చెయ్యి పట్టుకుని దారంతా వదల్లేదు.

ఆదివారం పొద్దున్నుంచీ నేను తలదువ్వుకుని, గుడ్డసంచీ సర్దుకుని, వీధి గుమ్మంలో కూర్చున్నాను. పది దాటాక వచ్చింది మా నాన్న కాదు. మా ఊరి నుంచి పని మీద వచ్చిన ఒకాయన ఒక రేకుపెట్టె దించి, మీ నాన్న ఇమ్మన్నాడని చెప్పి వెళ్లిపోయాడు. తెరిచాను. నా బట్టలన్నీ అందులో ఉన్నాయి. వేసంగిలో కట్టుకునే పలచటి లంగాలు, బిగుతు అయిపోయాయని వదులు చేసి కుట్టిన జాకెట్లు, నేను అన్నం తినే కంచం, నా దుప్పటి. అన్నీ నాలుగు మడతలుగా, మూలలు కలిపి, అరచేత్తో నొక్కి ఉన్నాయి. ఆ మడత మా అమ్మది. అడుగు దాకా వెతికాను. పుస్తకాల సంచీ మాత్రం లేదు.

రేపోమాపో ఇంటికి వచ్చే పిల్లకు ఎవరూ కంచం పంపరు. అది తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు.

అత్తయ్యను అడిగాను. ఆవిడ మొహం తిప్పుకుని పిల్లాడి ముక్కు తుడిచింది. "పిల్లలు కాస్త పెద్దయ్యేదాకా ఉండవే. నాకు మాత్రం ఎవరున్నారు? చెబితే ఏడుస్తావని మీ నాన్నే చెప్పొద్దన్నాడు."

"నాకు చెబితే అర్థమవుతుంది కదా అత్తయ్యా" అన్నాను. వచ్చినప్పటి నుంచీ నేను తోమిన గిన్నెలు, విన్న మెచ్చుకోళ్లు అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. పెట్టె మూత కూడా వేయకుండా అలాగే కూర్చున్నాను.

లోగిట్లోంచి అక్క వచ్చింది. నా కంచం చూసింది, అత్తయ్యను చూసింది. "నాకు తెల్వదు బిడ్డా. తెలిసుంటే మొదటి దినమే చెప్తుంటి" అని నాతో అని, అత్తయ్య వైపు తిరిగింది. "పని చేసేటోళ్లు కావాల్నంటే అడగాలె వదినా. గిట్ల ఊరు చూపిస్తమని తెస్తరా?" మా ఇంటి విషయం నీకెందుకంది అత్తయ్య. "ఒక్క లోగిలి మనది, ఒక్క పంపు. నాకు గాకపోతే ఎవలికి? నీ కాన్పు నేను చూస్త, పిల్లలను నేను పట్టుకుంట. దానికి పరీక్ష ఉన్నదట, పంపుండ్రి." సాయంత్రం మామయ్య వచ్చేదాకా ఆవిడ గుమ్మం కదల్లేదు. మూడోనాడు మామయ్య నన్ను, నా రేకుపెట్టెను నాంపల్లిలో రైలెక్కించాడు. అక్క స్టేషన్ దాకా వచ్చి, నా చేతిలో సగం జామకాయ పెట్టి, "మంచిగ చదువుకో" అంది.

చదువుకోలేదు. మా నాన్న అప్పటికే బడికి వెళ్లి, పిల్ల హైదరాబాదులో ఉంటుంది, పేరు తీసెయ్యండని చెప్పి వచ్చాడు. మళ్లీ రాయించమని కాళ్లావేళ్లా పడ్డాను. "ఎలాగూ మానిపించాలనుకున్నదేగా, ఇంకెందుకులే" అన్నాడు. ఎందుకు చెప్పలేదు నాన్నా అంటే ఆయనా అదే మాటన్నాడు. చెబితే ఏడుస్తావని.

నేను ఏడిస్తే నాకేం కాదు. నా ఏడుపు చూడలేక ఆయన తప్పించుకున్నాడు. ఈ సంగతి అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. అర్థమయ్యాక కూడా కోపం పోలేదు. పోయిందని రాస్తే అబద్ధమవుతుంది.

మా పిల్లల్ని నేను ముద్దుగా పెంచలేదని అందరూ అంటారు. నిజమే. సూది వేయించడానికి తీసుకెళ్తే నొప్పి పుడుతుందని ఇంటి దగ్గరే చెప్పేదాన్ని. మిఠాయి కొట్టుకని చెప్పి ఆసుపత్రికి ఎన్నడూ తీసుకెళ్లలేదు. ఊరెళ్తుంటే నిద్రపోతున్నవాళ్లను లేపి మరీ చెప్పి, ఏడిపించి వెళ్లేదాన్ని.

మా నాన్న ఆఖరి జబ్బులో మంచం పట్టినప్పుడు ఇంటిల్లిపాదీ ఆయనకు తగ్గిపోతుందనే చెబుతూ వచ్చారు. ఒక మధ్యాహ్నం నేనొక్కదాన్నే ఉన్నప్పుడు అడిగాడు, "నిజం చెప్పవే, లేస్తానా?" అని. లేవవు నాన్నా అన్నాను. ఆయన ఏడ్చాడు. చాలాసేపు ఏడ్చాడు. నేను లేచి వెళ్లలేదు. మంచం పక్కనే కూర్చుని, ఆయన మొహం వైపే చూస్తూ, ఏడుపు ఆగేదాకా ఉన్నాను.