ఇంటికి ఒక్కటే ముక్కు

ఈ వారం నాకు జలుబు చేసింది. జలుబు ఎవరికైనా చేస్తుంది. రెండు రోజులు ఆవిరి పట్టుకుని, మూలుగుతూ పడుకుంటే పోతుంది. మా ఇంట్లో మాత్రం నాకు జలుబు చేస్తే ఇంటికే ముక్కు లేకుండా పోతుంది. అందుకని పొద్దున్న లేస్తూనే సిలిండరు దగ్గర గ్యాసు కట్టేసి, మావారిని పిలిచి, కట్టేశానో లేదో ఆయన చేత కూడా తిప్పించి చూసుకున్నాను. తర్వాత ఆయన బల్ల ముందు కూర్చుని బ్రెడ్డుకి వెన్న రాసి, కీరా, టమాటా పేర్చి, మిరియాల పొడి చల్లి సాండ్‌విచ్‌లు చేశారు. నాకు రుచి తెలియలేదు. ఆయనకు ఎలాగూ తెలియదు. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నమిలాం. నాకు ముందు నవ్వొచ్చింది, వెనకాలే ఏడుపొచ్చింది. రెండోదాన్ని జలుబు మీదికి తోసేసి కొంగుతో ముక్కు తుడుచుకున్నాను.

మావారు రైలు పట్టాలు చేసే మిల్లులో, ఇనుప దిమ్మెలను ఎర్రగా కాల్చే ఫర్నేసు దగ్గర ఉద్యోగమంతా గడిపారు. మీటరు చూడక్కర్లేదు, దిమ్మె రంగు చూసి వేడి చెప్పేస్తానని ఆయనకు గొప్ప. ప్లాంటులో ఆయన గొప్పంతా కంటిది, ఇంటికొస్తే ముక్కుది. రాయ్‌పూర్‌కి దగ్గర్లోనే ఉన్న ఈ ప్లాంటు ఊళ్ళో, సెక్టర్ ఏడులో మాది మొదటి అంతస్తు క్వార్టరు. డ్యూటీ నుంచి వచ్చి మెట్లెక్కుతూనే కింద బీహారీ వాళ్ళింట్లో ఆవనూనెలో ఏ చేప వేగుతోందో, ఎదురింట్లో పప్పులో నెయ్యి పడిందో లేదో చెప్పేసేవారు. మా గుమ్మం దాకా రాకుండానే, "ఏవే, పులుసులో బెల్లం మరిచిపోయావు," అనేవారు. నిజంగానే మరిచిపోయి ఉండేదాన్ని. పెళ్ళై విజయనగరం నుంచి వచ్చిన కొత్తలో ఇదేదో మంత్రం అనుకున్నాను. పాతబడ్డాక ఒళ్ళుమండేది.

ఆయన రిటైరయ్యారో లేదో, ఆ జ్వరాల కాలం వచ్చిపడింది. ఇద్దరికీ ఒకేసారి పట్టుకుంది. ఇద్దరికీ వాసనలు పోయాయి. కొన్నాళ్ళకు పోపులో ఇంగువ వేస్తుంటే నాకు ఒక్కసారిగా వాసన తిరిగొచ్చింది, పొయ్యి ముందు నిలబడి పిచ్చిదానిలా నవ్వుకున్నాను. ఆయనకు రాలేదు. ఒకరోజు ఎండు నెత్తళ్ళు వేయిస్తున్నాను. ఆ వాసనకి ఎదురింటి వాళ్ళు కిటికీలు కూడా మూసేశారు. ఆయన వంటింటి గుమ్మంలోకి వచ్చి, "ఈరోజు ఏటి వండుతున్నావు?" అని అడిగారు. నా చేతిలో గరిటె ఆగిపోయింది.

వస్తే రావచ్చు, రాకపోతే లేదు, ఓపిక పట్టాలి అన్నాడు డాక్టరు. ఉప్పు, పులుపు, కారం నాలుకకు తగులుతున్నాయి, మిగతాదంతా అట్టముక్క నమిలినట్టుందనేవారు ఈయన. ఓపిక అనే సరుకు మావారి దగ్గర ఎప్పుడూ లేదు. "ముక్కులో సెన్సారు మొద్దుబారింది, అంతే. లోడు పెంచితే అదే పట్టుకుంటాది," అన్నారు. ఆ లోడు పెంచే పని ఫోనులో వీడియోలు చూడడంతో మొదలైంది. దేశాలన్నీ తిరిగి, అన్నిటికన్నా ఘాటుగా, కమ్మగా వాసన వచ్చే వంట, మందపాటి మాంసం ముక్కని పెనం మీద కాల్చే స్టేక్ అని తేల్చారు. అలా నా వంటిల్లు నా చేతుల్లోంచి పోయింది.

స్టేక్ పెద్ద పెద్ద దేశాల్లో దేనితో చేస్తారో నాకు తెలుసు. అది మా ఇంట్లోకి రాదు, ఈ రాష్ట్రంలో దొరకదు కూడా. మా స్టేక్ మేక తొడ. వైశాలి నగర్ మాంసం కొట్టుకి వెళ్ళి ఎముకతో సహా అడ్డంగా, రెండు వేళ్ళ మందాన కోయించేవారు. కొట్టువాడు "అంకుల్, ఇత్నా మోటా నహీ గలేగా" అని మొత్తుకున్నా వినేవారు కాదు. ఉడకదని వాడి బాధ. ఉడికించడానికి ఈయన దగ్గర పచ్చి బొప్పాయి ముద్ద ఉంది. రాత్రంతా దాన్ని పట్టించి, మర్నాడు తుడిచి, కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు అద్ది, పొగలొచ్చే ఇనప పెనం మీద వేసేవారు. వీడియోలో వాళ్ళు వెన్నలో వేసే ఆకేదో ఇక్కడ మొలవదు కనుక, మా బాల్కనీ కుండీలో వామాకు తుంచి వేసేవారు. ముక్క చుట్టుకుపోకుండా పైన బరువు పెట్టాలట. రిటైరైన రోజున శాలువాతో పాటు ఇచ్చిన రైలు పట్టా ముక్క ఉంది, అడ్డంగా కోసి, అద్దంలా మెరుగుపెట్టి, పేరు చెక్కించి ఇస్తారు. అది షోకేసులోంచి దిగి, అల్యూమినియం కాగితం చుట్టుకుని పెనం మీదికొచ్చింది. మిగిలిన మాంసాన్ని మర్నాడు సాండ్‌విచ్‌లో పెట్టి దానికిందే నొక్కేవారు. మాంసం తినని శనివారాలు కంద స్టేక్. దాని గురించి చెప్పకపోవడమే మంచిది.

పెనం మీంచి తియ్యగానే కోయనిచ్చేవారు కాదు. "ఆగు. లోపలి వేడి సర్దుకోవాలి. పట్టాకైనా ఇంతే," అనేవారు. నిజం చెప్పాలి కదా, మేక తొడ చాలా బాగుండేది. పైన కరకర, లోపల మెత్తన, వెల్లుల్లి వెన్న ఎముక సందుల్లోకి దిగి ఉండేది. తింటున్నది నేను, చేస్తున్నది ఆయన, సుఖపడడానికి ఇంకేం కావాలి అనుకునేదాన్ని మొదట్లో. కానీ నేను "బాగుంది" అంటే ఆయన ఊరుకునేవారు కాదు. "బాగుంది అంటే నాకేటి తెలుస్తాది? ముందు ఏటొస్తాది, తర్వాత ఏటొస్తాది, సెప్పు."

చెప్పేదాన్ని. ముందు మిరియాలు. వాటి వెనక వెన్న. అంచు దగ్గర కాస్త మాడు, కానీ చేదు లేదు. వామాకు అన్నిటికన్నా ఆలస్యం, మింగాక గొంతులో తెలుస్తుంది. ఆయన కళ్ళు మూసుకుని నేను చెప్పే వరసలో నమిలేవారు. నేను ఆగితే ఆయన దవడ ఆగేది. ముద్ద నోట్లో పెట్టుకుని ఇంత ఆలోచించడం నా జన్మలో లేదు. చెప్పి చెప్పి నా కంచంలోది చల్లారిపోయేది. రోజుకి రెండు పూటలా ఇదే పరీక్ష, పాసైనా మర్నాడు మళ్ళీ రాయాలి. "ఇవాళ నాకు నోరు నొప్పిగా ఉంది" అంటే, చిన్నపిల్లాడిలా కంచం వంక చూస్తూ కూర్చునేవారు.

ఇంతవరకూ అయితే సరదాగానే చెప్పుకునేదాన్ని. ఒకరోజు సెక్టర్ బజారుకెళ్ళి కూరగాయలు తెచ్చుకుంటున్నాను. మెట్ల మీద ఉండగానే గ్యాసు వాసన కొట్టింది. పైకి పరిగెత్తాను. పాలు పొంగి మంట ఆరిపోయింది, బర్నరు తెరిచే ఉంది. ఆయన పొయ్యి పక్కనే నిలబడి మిరియాలు దంచుకుంటున్నారు. లైటరు చేతికందేలా పెట్టుకున్నారు, పెనం వేడి చెయ్యబోతున్నారన్నమాట. నేను బర్నరు కట్టి, కిటికీలు తెరిచి, ఆయన చెయ్యి పట్టుకుని మెట్ల మీదికి లాక్కొచ్చాను. "ఏటైంది?" అన్నారు. "గ్యాసు," అన్నాను. ఆయన గుమ్మం వైపు తిరిగి, గుండెల నిండా రెండుసార్లు గాలి పీల్చారు. "ఏటీ లేదే," అన్నారు.

ఆ రోజుతో నా కాళ్ళకు బంధం పడింది. రాయ్‌పూర్‌లో ఉన్న మా అమ్మాయి గ్యాసు పట్టుకుని కూసే పెట్టె ఒకటి పంపింది. అది పెనం పొగకి కూడా కూసేది. ఈయన "తప్పుడు రీడింగు" అని ఊడదీసి అటక మీద పెట్టారు. తర్వాత కరెంటు పొయ్యి పంపింది. అది వచ్చాక గ్యాసు భయం కాస్త తగ్గింది గాని, మాడినా తెలియదన్న భయం, ఫ్రిజ్ మిగిలాయి. పాలు, పెరుగు, నిన్నటి కూర, మొన్నటి మాంసం, ప్రతిదీ నా ముక్కు దగ్గరికి రావలసిందే. స్నానాల గది తలుపు కొట్టి మరీ, "ఇది బాగుందేటి చూడు," అని గిన్నె పట్టుకుని నిలబడేవారు. బయట ఆయనకు ముక్కుతో పనిలేదు, ఇంట్లోనే కావాలి. ఆయన బయటికెళ్తే నేనూ ఎక్కడికైనా పోవచ్చు. మాంసం కొట్టుకి తప్ప ఆయన వెళ్ళరు. రిటైరైంది ఆయన, డ్యూటీ పడింది నాకు, అదీ మూడు షిఫ్టులూ.

నాకొక కోరిక ఉండేది. విజయనగరంలో మా అక్క ఒక్కతే ఉంటుంది. బావగారు పోయి చాలా కాలమైంది. పెళ్ళయ్యాక మేమిద్దరం పెళ్ళిళ్ళకూ చావులకూ తప్ప కలిసి ఉన్నది లేదు. ఈయన రిటైరయ్యాక ఏడాదికొక నెల నేను అక్క దగ్గర ఉండాలని ఎప్పుడో అనుకున్నాం. ఏటా నేను వాయిదా వేస్తుంటే అది ఫోనులో, "ఒలే, నానుండగా వస్తావేటి, పోయాక వస్తావేటి?" అని అడిగేది. అక్కకి మోకాళ్ళు పనిచెయ్యవు, రైలెక్కలేదు. కదలాల్సింది నేనే, వెంట రమ్మంటే ఈయన రారు.

కిందటేడాదికి ముందు ఏడు మొండికేసి బయల్దేరాను. గ్యాసు పూర్తిగా కట్టేశాం. ఈయన నెలంతా సాండ్‌విచ్‌లతో గడిపేస్తానన్నారు. వారానికి సరిపడా మాంసం కరెంటు పొయ్యి మీద కాల్చి, పల్చగా కోసి, డబ్బాలకెత్తి ఫ్రిజ్‌లో పెట్టుకున్నారు. పొద్దున్నే వచ్చి కాస్త వాసన చూసి పొమ్మని ఎదురింటి దీదీని బతిమాలాను. దీదీ మంచిది, పాలూ పెరుగూ చూస్తానంది. కానీ శాకాహారి, మాంసం డబ్బా మూత మాత్రం తియ్యనంది. దానికేముందిలే, కంటికి కనబడదా అన్నారు ఈయన. రైలెక్కాను.

అక్క మొదటి రోజు వంకాయ పచ్చిపులుసు చేసింది. కంచంలో వడ్డించి, "ఎలగుందే?" అంది. "బాగుంది," అన్నాను. అది తలూపి తన అన్నం తను కలుపుకుంది. అంతే, ఇంకేమీ అడగలేదు. నాకు కళ్ళు చెమర్చాయి. వరసేదో, ముందేదో వెనకేదో ఎవరికీ చెప్పక్కర్లేకుండా, నోరుమూసుకుని, వేడివేడిగా, కంచం ఊడ్చుకుని తిన్నాను. మధ్యాహ్నాలు ఇద్దరం చాప మీద పడుకుని చచ్చిపోయిన వాళ్ళందరినీ ఆడిపోసుకున్నాం. సాయంత్రం ఈయనకు ఫోను చేస్తే, "అంతా ఓకే," అనేవారు. వారం కూడా కాలేదు, దీదీ ఫోను చేసింది. "భాభీజీ, ఘబరానా మత్," అని మొదలుపెట్టింది. కంగారు పడొద్దని ఎవరైనా మొదలుపెడితే ఇంక పడకుండా ఎలా ఉంటాం? ముందురోజు పగలంతా కరెంటు పోయిందట. ఫ్రిజ్‌లో మాంసం పాడైంది. ఈయన దాన్నే బ్రెడ్డులో పెట్టుకుని, ఆవపిండి ముద్ద రాసుకుని తినేశారు. వాంతులు, విరేచనాలు, కళ్ళు తిరిగి పడిపోతే దీదీ వాళ్ళాయన ఆస్పత్రిలో చేర్పించారు. నాకు చెప్పొద్దని ఈయన ఒట్టు వేయించుకున్నారట.

నేను వెళ్ళేసరికి సెలైను ఎక్కుతోంది. మొహం పీక్కుపోయింది. నన్ను చూసి తప్పు చేసినవాడిలా కాదు, లెక్క తేలనివాడిలా చూశారు. "చూడ్డానికి బాగానే ఉందే," అన్నారు. "రంగేటీ మారలేదు." నేను వరండాలోకి వెళ్ళి బెంచీ మీద కూర్చుని ఏడ్చాను. ఆయాలు, నర్సులు మొగుడి కోసం అనుకుని ఓదార్చారు. ఆయన బతికారని తెలుసు నాకు, ఏడుపు అందుకు కాదు. అక్క దగ్గర మిగిలిపోయిన రోజుల కోసం ఏడ్చాను. ఇంక వెళ్ళలేనని తెలిసి ఏడ్చాను. ఇంటికొచ్చాక కోపం పట్టలేక ఒకనాడు అనేశాను కూడా, "మా అక్క దగ్గర నోరుమూసుకుని తిన్నాను, అంత సుఖం ఈ ఇంట్లో నాకు లేదు," అని. ఆయన చాలా రోజులు వంటింటి వైపు రాలేదు. నేను వండిందేదో తినేవారు, అడగడం మానేశారు.

ఒక ఆదివారం మళ్ళీ పెనం పొగలు కక్కింది. నా కంచంలో ముక్క పెట్టి, వెన్న పైన పోసి, ఎదురుగా కూర్చున్నారు. "ఈరోజు నువ్వేటీ చెప్పకు. మీ అక్క దగ్గర తిన్నట్టు తిను," అన్నారు. సరే అని తిన్నాను. వేడిగా ఉంది, మెత్తగా ఉంది, ఎవరూ నన్ను ఏమీ అడగడం లేదు. పైన ఫ్యాను తిరుగుతోంది. ఆయన తలెత్తకుండా నములుతున్నారు. నమిలి, మాత్ర మింగినట్టు నీళ్ళు తాగి మింగుతున్నారు. ఇంకో ముక్క, ఇన్ని నీళ్ళు. నేను చూడకూడదనుకున్నాను. రెండో ముద్ద నోట్లో ఉండగానే, "వెల్లుల్లి ఈసారి ఎక్కువేశారు, మిరియాల కంటే ముందొస్తోంది," అన్నాను. ఆయన గ్లాసు కింద పెట్టి కళ్ళు మూసుకున్నారు. "తర్వాత?" అన్నారు.

తర్వాతేమిటో చెప్పాను. ఎవరూ బలవంతం చెయ్యలేదు, తలుపులన్నీ తెరిచే ఉన్నాయి, నా నోటితో నేనే మొదలుపెట్టాను. అందుకే ఇప్పుడు ఎవరి మీదా కోపం పెట్టుకోవడానికి కూడా వీల్లేదు. అక్కకి వచ్చే ఏడు వస్తానని చెప్పడం మానేశాను, అదీ అడగడం మానేసింది. నాకు మిగిలిన కాలం ముద్ద ముద్దగా ఈ బల్ల దగ్గరే అయిపోతోంది, అందులో ఒక్క ముద్ద కూడా నాకోసమే తిన్నట్టు లేదు.