కాలువకు ఎదురొచ్చిన బతుకమ్మ

దయ్యాల మాట ఎత్తితే మా ఇంట్లో నాకన్నా గట్టిగా నవ్వేవాళ్లు లేరు. ఇప్పుడూ నవ్వుతాను. కానీ కోటగిరి కాలువ దగ్గర చూసింది చూడలేదని మాత్రం ఎవరికోసమూ అనను.

నైజాంసాగర్ నీళ్లొచ్చాయి, చెరకు బాగా పండుతుందని మా ఆయన కృష్ణా జిల్లా వదిలి అక్కడ పొలం కౌలుకు తీసుకున్నారు. అది నైజాం పాలన, మాకు పరాయి రాజ్యం, రూపాయి కూడా వేరే. మా పాక లేచేదాకా ఆ ఊరి రైతు ఇల్లాలు ముత్తవ్వ వాళ్లింట్లో ఉన్నాం.

బతుకమ్మ పండుగ అక్కడే మొదటిసారి చూశాను. అంత కష్టపడి పూలు పేర్చి నీళ్లలో వదిలెయ్యడమేమిటని వేళాకోళం కూడా చేశాను. ముత్తవ్వ కోప్పడలేదు. తంగేడు పూలు నా ఒళ్లో పోసి కట్టలు కట్టమంది.

ఆ ఏడు ఆమెకు పండుగ సంబరం లేదు. కూతురు రాజవ్వను వేల్పూరులో ఇచ్చారు. బతుకమ్మకు ఆడపిల్ల పుట్టింటికి రావాలి, అత్తవారు పంపలేదు. మొగుడు కొడుతున్నాడని ఊరందరికీ తెలుసు. అంతకుముందు పారిపోయి వస్తే కులపెద్దలే వెనక్కి పంపారట.

చివరి రోజు ముత్తవ్వ పెద్ద బతుకమ్మ పక్కన కూతురి పేరున చిన్నది పేర్చింది.

"నా బిడ్డ లేదు. గిది నువ్వు పట్టుకో బిడ్డా," అంది. పట్టుకున్నాను.

సాయంత్రం కాలువ దగ్గరికి చేరేసరికి ఇంకా వెలుగుంది. గాలి లేదు. కాలువ నిండుగా పారుతోంది. అందరూ వదిలిన బతుకమ్మలు దిగువకు సాగిపోయాయి. నేను వదిలింది కొంత దూరం పోయి ఆగింది. వెనక్కి తిరిగింది. పారే నీళ్లకు ఎదురొచ్చి నా కాళ్లకు తగిలింది. ఆడవాళ్ల పాట ఆగిపోయింది. వంగి దాని కింద చెయ్యి పెట్టి చూశాను. తాడు లేదు, కొమ్మ లేదు, సుడి లేదు. మళ్లీ తోశాను. మళ్లీ వచ్చింది.

మర్నాడు పొద్దున రాజవ్వ అత్తవారింటి నుంచి పారిపోయి వచ్చింది, వాచిన చేతిని కొంగులో దాచుకుని. కబురు తెలిసి కులపెద్దలూ వచ్చారు.

"మొగుడన్నంక కొడ్తడు. తోలియ్యి," అన్నాడు పెద్దాయన.

రాజవ్వ తండ్రి తల వంచుకున్నాడు. ముత్తవ్వ మాత్రం గడపకు అడ్డంగా నిలబడింది.

"గంగల ఏసిన బతుకమ్మనే మర్లి వచ్చింది. నా బిడ్డను నేనెట్ల పంపుత? పంప!"

పెద్దాయన నవ్వి నా వైపు తిరిగాడు. "అమ్మా, నువ్వు సదువుకున్నదానివి. ఇసుంటివి నమ్మవట గదా. ఏం సూసినవో నువ్వు చెప్పు."

నమ్మనని ఊరంతా చెప్పుకు తిరిగినదాన్ని నేనే. రాజవ్వ నా మొహంలోకి చూస్తోంది. ఆ మనిషి నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండింది. వచ్చిందని చెప్పాను. తోసినా మళ్లీ వచ్చిందని కూడా చెప్పాను.

పెద్దలు ఇక పట్టుబట్టలేదు, రాజవ్వను పంపలేదు.

తర్వాత కాలువ ఓవర్సీర్‌ని అడిగాను. అక్కడ నీళ్లు ఎదురు తిరగవన్నాడు. నేనే ఎన్నోసార్లు పూలు వదిలి చూశాను, ఒక్కటీ తిరిగి రాలేదు.

దయ్యాలు లేవనే అంటాను. అది వచ్చిందనీ అంటాను. ఆ పెద్దాయన మళ్లీ వచ్చి అడిగినా ఇదే చెబుతాను.