తాత లెవెల్ పైపు, నా సిరంజి

నిన్న మా వార్డులో కొత్తగా చేరిన నర్సింగ్ విద్యార్థిని ఒకతె సిరంజిని కిటికీ వెలుగుకు ఎత్తిపట్టి గోటితో టకటకా కొడుతోంది. లోపల ఆవగింజంత గాలి బుడగ కదలనంటోంది. ఆ పిల్ల పెదవి కొరుక్కుంటోంది. మంచం మీది పెద్దాయన తన ఆయుష్షంతా ఆ బుడగలోనే ఉన్నట్టు కళ్లప్పగించి చూస్తున్నాడు. వార్డు ఇంచార్జిని కనుక నేను కసురుకోవాలి. నోరు రాలేదు. ముప్పై అయిదేళ్ల కిందట నేనూ అలాగే కొట్టాను. ఆ కొట్టడంలో గాజు సిరంజి ఒకటి పగలగొట్టిన ఘనత కూడా నాకుంది.

అప్పుడు మేం కామాటిపురాలో ఒక చాల్ మూడో అంతస్తులో ఉండేవాళ్లం. వరుసగా గదులు, ముందు పొడవాటి వరండా, దాని చివర అన్ని ఇళ్లకూ కలిపి ఒక్క నల్లా. పొద్దున గంటసేపే నీళ్లు. ఆ గంటలో బిందె పెట్టడం, లాగడం, పక్కింటి బిందెను తెలియనట్టు మోకాలితో జరపడం, ఈ విద్యలో నన్ను మించినవాళ్లు లేరు. ఆ తొందరే నా చేతుల్లో ఉండిపోయింది. నర్సింగ్‌లో చేరాక, మందు సీసాలో సూది గుచ్చగానే నల్లా ఆగిపోతుందన్నట్టు సిరంజి కడ్డీని ఒక్క గుంజు గుంజేదాన్ని. మందుతో పాటు గాలీ వచ్చేది. దాన్ని బయటికి తోయబోతే ఒకసారి మందంతా చిమ్మి, మాకు పాఠం చెప్పే సిస్టర్ తెల్లచీర మీద పడింది. ప్రాక్టికల్ తప్పాను. సోమవారం మళ్లీ పరీక్ష. ఈసారీ తప్పితే చదువు మానిపించేస్తానని నాన్న తేల్చి చెప్పాడు. ఫాక్‌లాండ్ రోడ్డులో ఒక బట్టల దుకాణంలో నాకు పని కూడా మాట్లాడిపెట్టాడు.

మా తాత కట్టుబడి మేస్త్రీ. పాలమూరు నుంచి వచ్చి ఈ ఊళ్లో ఎన్నో మేడలు కట్టి, తాను మాత్రం వరండాలో పడుకునేవాడు. పని మానేశాక కూడా తన లెవెల్ పైపును చుట్టగా చుట్టి గుమ్మం పక్క మేకుకు తగిలించుకున్నాడు. అదొక పొడవాటి, లోపలి నీళ్లు పైకి కనిపించే తెల్లగొట్టం. నీళ్లు నింపి రెండు కొసలూ రెండు గోడల దగ్గర పట్టుకుంటే, రెండు వైపులా నీళ్లు ఒకే ఎత్తున నిలుస్తాయి. అక్కడ గీత గీసుకుంటే మట్టం దొరికినట్టే. ఆదివారం పొద్దున నేను ఖాళీ సీసాలో నీళ్లు పోసుకుని, ఒక చేత్తో సిరంజిని కొడుతూ ఇంకో చేత్తో కళ్లు తుడుచుకుంటుంటే తాత వచ్చి ఎదురుగా చతికిలబడ్డాడు.

“ఏందే బిడ్డా, గట్ల కొడుతున్నవ్? అదేమన్న నీ సవతా?”

“గాలి పోతలేదు తాతా. రేపు మల్ల నాపాస్ అయిత.”

తాత లేచి పైపు తీసుకుని, ఒక కొస బకెట్లో ముంచి, రెండో కొస నోట పెట్టుకుని పీల్చాడు. తాగే నీళ్లు ఆటకు వాడుతున్నాడని పక్కింటావిడ దండకం మొదలుపెట్టింది. ఆయన వినిపించుకోలేదు. పైపులో అక్కడక్కడ బుడగలు నిలిచాయి.

“నడుమ జరంత గాలి ఉన్నా మట్టం తప్పు చూపిస్తది. పడుచుతనంల నేను గట్లనే జల్దీ చేసిన. నాగ్‌పాడాల ఓ ఇంట్ల మోరీ కడితే, నీళ్లు బయటికి పోవుడు ఇడిసిపెట్టి వంటింట్లకొచ్చినయ్. మొత్తం పలగ్గొట్టి మల్ల కట్టిన. కొడితే పోదు బిడ్డా. నిమ్మళంగ గుంజు. అయినా వచ్చిందనుకో, నిలవెట్టి జర ఆగు. పైకి పోవుడు దానికి తెలుసు.”

రెండు కొసలూ కలిపి పట్టుకుని పైపును నిలువుగా ఎత్తి, వేలితో రెండుసార్లు మెల్లగా తట్టి ఊరుకున్నాడు. బుడగలు ఒకదాని వెనక ఒకటి పైకెక్కి మాయమయ్యాయి. తర్వాత సున్నం తిన్న ఆ గరుకు చెయ్యి నా మణికట్టు మీద వేసి, నేను తొందరపడ్డప్పుడల్లా నొక్కిపట్టాడు. ఎన్నోసారికో సూది మొన మీద ఒక్క నీటిబొట్టు నిలిచింది. “గంతే,” అని చాయ్ తాగడానికి వెళ్లిపోయాడు. నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను.

సోమవారం సిస్టర్ చీర కుచ్చెళ్లు చేత్తో పట్టుకుని రెండడుగులు దూరంగా నిలబడింది. నేను మెల్లగా గుంజి, సిరంజి నిలబెట్టి, తట్టి, ఆగాను. పక్కవాళ్లు ముగించేశారు. బొమ్మలా నిలబడ్డావేమిటని ఆవిడ మరాఠీలో గద్దించింది. గాలి పైకి వెళ్తోందన్నాను. ఆవిడ దగ్గరికి వచ్చి, వంగి చూసి, కుచ్చెళ్లు వదిలేసింది. పాసయ్యాను. ఎవరు నేర్పారని అడిగితే మా తాత అన్నాను. ఏ ఆసుపత్రిలో చేస్తారని మర్యాదగా అడిగింది. ఇళ్లు కడతాడని చెప్పాను.

సాయంత్రం గ్రాంట్ రోడ్డులో రైలు దిగి పరుగున ఇంటికొస్తే, తాత వరండాలోనే ఉన్నాడు. “మట్టం కుదిరిందా?” అన్నాడు. దుకాణం పని సంగతి నాన్న మళ్లీ ఎత్తలేదు.

నిన్న నేను ఆ పిల్ల మణికట్టు పట్టుకుని ఆపాను. “నిలబెట్టి కాసేపు ఊరుకో,” అన్నాను. ఆ పిల్ల, నేను, మంచం మీది పెద్దాయన, ముగ్గురం చూస్తూ ఉన్నాం. తాత పోయి చాలా ఏళ్లయింది, ఆ గాజు సిరంజిలూ పోయాయి. ఆ బుడగ మాత్రం పైకి రావడానికి ఆనాడు ఎంతసేపు తీసుకుందో నిన్నా అంతే తీసుకుంది. నా చేతికే ఇప్పుడు తొందర లేదు.