ప్రాక్సీకి తాళం వేయనిది నేనే

ఇన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

తొంభైల చివర్లో నల్లగొండలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీ కంప్యూటర్ ల్యాబులో సుల్తానా, నేను పనిచేసేవాళ్లం. నాకంటే చిన్నది. నకిరేకల్ నుంచి బస్సులో వచ్చేది. కాలేజీ మొత్తానికి ఇంటర్నెట్ ఒకే టెలిఫోన్ లైను మీద. దాన్ని అన్ని కంప్యూటర్లకూ పంచాలంటే మధ్యలో ప్రాక్సీ సర్వర్ ఉండాలి. దాని సోర్స్ కోడ్ ఉచితంగా దొరికేది, మనమే కంపైల్ చేసి, అంటే యంత్రం నడపగల రూపంలోకి మార్చి, ఎక్కించుకోవాలి.

తప్పుల్లేకుండా కంపైల్ అయిన ఆ మధ్యాహ్నం నన్ను పట్టడం ఎవరి తరమూ కాలేదు.

"జర ఆగక్కా," అంది సుల్తానా. "గీ కోడు అసలుదేనా, మధ్యల ఎవలన్న మార్చిన్రా, దాంతోని వచ్చిన డిజిటల్ సంతకం సరిచూడాలె. సర్వాధికారాలున్న రూట్ ఖాతా కింద నడిపియ్యొద్దు. బయటోళ్లు రాకుండ రూల్స్ రాసినంకనే లైను కలుపుదాం."

"రేపు రాద్దాం తియ్. పోరగాళ్లు కూసున్నరు, ముందుగాల నడవనీ," అన్నాను.

ఆమె బస్సుకు వెళ్లగానే, చెప్పినవేవీ చేయకుండా లైను కలిపేశాను. ఆ తర్వాత ఆమె అడిగినప్పుడల్లా రేపు, రేపంటూ దాటేశాను. ఎందుకంత తొందర? ఇంటర్నెట్ నా చేతుల మీద వచ్చిందని అనిపించుకోవాలనే కదా?

కొన్నాళ్లకే టెలిఫోన్ శాఖవాళ్లు లైను ఆపేశారు. బయటివాళ్లెవరో మా ప్రాక్సీలోంచి దూరి, ఎవరెవరి కంప్యూటర్ల మీదో దాడులు చేశారు. చెడ్డపేరు కాలేజీకి వచ్చింది. ప్రిన్సిపాల్ మా ఇద్దరినీ పిలిచి ఇది ఎవరి పని అని అడిగారు.

"సుల్తానా చూసింది సార్," అన్నాను.

ఆమె నావైపు చూసింది. ల్యాబు తాళంచెవి బల్ల మీద పెట్టి బయటికి నడిచింది. మర్నాటి నుంచి ఆమె లైబ్రరీలో, నేను ల్యాబులో.

అప్పుడు నన్ను పట్టిన కసి నా మీద నాకే. యంత్రాన్ని మొత్తం తుడిచేశాను. కోడు మళ్లీ తెప్పించి సంతకం సరిచూశాను. మామూలు ఖాతాలో కంపైల్ చేశాను. ప్రాక్సీ నడవడానికి ఏ అధికారమూ లేని ఖాతా ఒకటి విడిగా పెట్టి, మా ల్యాబు కంప్యూటర్లకు తప్ప ఎవరికీ జవాబివ్వకుండా రూల్స్ రాశాను. లైను తిరిగి వచ్చాక బయటి నుంచి, వేరే లైను మీద ప్రయత్నించి చూస్తే, ప్రాక్సీ పొమ్మంది! ఆ తిరస్కారం చూసి కుర్చీలోంచి ఎగిరి లేచాను.

పరీక్షా ఫలితాల రోజు ల్యాబు కిటకిటలాడింది. ఒకే లైను మీద అన్ని తెరలూ వెలిగాయి. పిల్లలు బెంచీలెక్కి కేకలు పెట్టారు, నన్ను భుజాల మీదికి ఎత్తుకోబోయారు. ఆ ఆనందం గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. అది దొంగ ఆనందం కాదు, నిజంగా పని గెలిచింది. కానీ అందులో ప్రతి అడుగూ సుల్తానా చెప్పిందే. గుంపు వెనక నిలబడి ఆమె కూడా చప్పట్లు కొట్టింది. ప్రిన్సిపాల్ నా ఒక్కదాని పేరే చెప్పారు. సరిదిద్దడానికి ఒక్క మాట చాలు. నేను నవ్వుతూ నిలబడ్డాను.

తర్వాత ఆమె ఉద్యోగం మానేసి హుజూర్‌నగర్‌లో సొంతంగా ఇంటర్నెట్ సెంటర్ పెట్టుకుంది. బాగా నడిచిందని విన్నాను. వెళ్లి కలవలేదు. కలిస్తే ఏమనేదో? క్షమించేదా? ఆమె క్షమించకపోయినా అది న్యాయమే.

సుల్తానా తప్పేమీ చేయలేదు. చేసింది నేను, అబద్ధమాడింది నేను. ఎట్టకేలకు ఈ వాక్యం రాయగలిగాను. గెలిచినట్టుగా ఉంది.