గడువయ్య టమాటా

మా గడువయ్య లోకంలో గడువు లేని వ్యవహారం లేదు. టీ తాగడానికి నాలుగు నిమిషాలు, ఫోనులో కుశలప్రశ్నలకు రెండు, తుమ్ము వచ్చీరాక ఆగిపోతే పది సెకన్లు. ఆపైన "గడువైపోయింది, ఇక రాదు, పని చూసుకోండి" అనేవాడు. అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా వినబడేది కాదు.

అతను మా మందుల గోదాముకు కంప్యూటరు ప్రోగ్రాము రాసిన మనిషి. నేను అదే గోదాములో ముప్పై నాలుగేళ్ళు స్టాకు రిజిస్టరు రాసినవాణ్ణి. మా ఊరి బడిలో ఏడో తరగతి దాకా మొదటి స్థానం నాదే. పందొమ్మిదో ఎక్కం కిందినుంచి పైకి అప్పజెప్పి, ఇన్‌స్పెక్టరు చేతిమీదుగా పెన్సిలు పుచ్చుకున్నాను. నా రిజిస్టర్లలో ఒక్క కొట్టివేత లేదు. అలాంటి నన్ను రిటైర్మెంటుకు ఎనిమిది నెలల ముందు కీబోర్డు ముందు కూర్చోబెట్టారు. అందులో అక్షరాలు వరసగా కూడా లేవు!

అంతకుముందు ఇద్దరు గుమాస్తాలు ఒకే మందు పేజీని ఒకేసారి తెరిచి, ఉన్న ఒక్క పెట్టెనూ రెండు ఆసుపత్రులకు రాసేసేవారు. గడువయ్య దానికి తాళం పెట్టాడు. ఒకరు పేజీ తెరిస్తే, వాళ్ళు ముగించేదాకా రెండోవారు ఆగాల్సిందే.

"మరి మొదటివాడు తెరిచి టీకి వెళ్ళిపోతే?" అన్నాను.

"అందుకేగా గడువు, పెద్దాయనా! రెండు నిమిషాల్లో ముగించకపోతే తాళం ఊడిపోతుంది. కొట్టిందంతా పోతుంది. తెర మిమ్మల్ని బయటికి తోసేస్తుంది."

"పెద్దవాళ్ళనైనా?"

"తాళానికి వయసు తెలీదండీ."

దానికి తోడు మేనేజరు ఇంకో ఆర్డరు వేశాడు. రోజులో మూడుసార్లు తెర తోసేస్తే, ఆ మనిషి సీటు ఖాళీచేసి వెనక షెడ్డులో అట్టపెట్టెలు మడతపెట్టాలి. ముప్పై నాలుగేళ్ళు కూర్చున్న కుర్చీలోంచే లేచి ఇంటికి వెళ్ళాలన్నది నా పంతం. ఆ సంగతి ఆఫీసులో అందరికీ చెప్పుకున్నాను కూడా.

గడువయ్య దగ్గర టమాటా ఆకారంలో వంటింటి టైమరు ఒకటి ఉండేది. బల్లమీద లేకపోతే జేబులో ఉబ్బెత్తుగా కనబడేది. రోజుకు ఏ డెబ్బైసార్లో గిర్రున మోగేది. మోగగానే ఎక్కడున్నా తన గదికి పరుగు.

"ఎందుకయ్యా అది?"

"పని మీద."

"ఏం పని?"

"మీ ప్రశ్నకు గడువైపోయింది, పెద్దాయనా."

ఒకరోజు ఒక గుమాస్తా అమ్మాయి చేతిలో రబ్బరు స్టాంపు, ఎదురుగా లావుపాటి గుమాస్తా చేతిలో ఇంకు ప్యాడు.

"ప్యాడు ఇటివ్వండి, కొట్టుకుని ఇస్తా."

"ముందు స్టాంపు నువ్విటివ్వమ్మా, కొట్టుకుని నేనిస్తా."

పావుగంట గడిచింది. గడువయ్య వచ్చి చూసి పొంగిపోయాడు. "డెడ్‌లాక్! కంప్యూటర్లలో పడే ఈ పీటముడిని కళ్ళారా చూడాలని ఎన్నేళ్ళ కోరికో!" అంటూ ఆయన చేతిలో ప్యాడు లాక్కుని ఆ అమ్మాయికిచ్చాడు.

"నా దగ్గరే ఎందుకు లాక్కున్నావయ్యా?"

"ఎవరో ఒకరు బలి కావాలండీ. మీరు నాకు దగ్గర్లో ఉన్నారు."

ఇంట్లోనూ ఇదే వరస. ఒకసారి వాళ్ళావిడ చెప్పింది. "పెళ్ళి చేసుకుందామని అడిగి వారం గడువిచ్చారు, బాబాయిగారూ. ఒళ్ళు మండి బదులివ్వలేదు. ఎనిమిదో రోజు మళ్ళీ ప్రత్యక్షం! గడువు దాటిందిగా అన్నాను. దాటితే మళ్ళీ అడగాలని నియమమట."

"ఎన్నోసారికి ఒప్పుకున్నావమ్మా?"

"ఐదోసారికి. పోనీ ఆ టమాటా అయినా తెచ్చిపెట్టమని మీరు చెప్పండి. మీ ఆఫీసులో కంప్యూటర్లు పెట్టిన రోజే నా వంటింట్లోంచి పట్టుకొచ్చేశారు. నాకేమో కూరలు మాడుతున్నాయి. ఆయనేమో ఒక్కరోజూ సెలవు పెట్టరు."

ఇక నా సంగతి. ఆ ఎనిమిది నెలల్లో తెర నన్ను ఒక్కసారీ తోయలేదు. పాతికేళ్ళ పిల్లల్ని తోసింది. మేనేజరునే రెండుసార్లు తోసింది. ఒక్క చూపుడువేలితో కొట్టే నన్ను మాత్రం ముట్టుకోలేదు. "వేలొకటే అయినా ఊరి బడి వేలు!" అని కనబడినవాళ్ళందరికీ చెప్పాను. గడువయ్య తల ఊపుతూ వినేవాడు. ఇంతలో టమాటా మోగేది, పరుగెత్తేవాడు.

నా ఆఖరి రోజున సాయంత్రం వీడ్కోలు సభ. చివరిగా దూది, కట్టుగుడ్డల పేజీ తెరిచి సగం కొట్టాక, నా ఉపన్యాసం గంటసేపు ఉంటుందని గడువయ్యను ముందే ఒప్పిద్దామని అతని గదికి వెళ్ళాను. అతను లేడు. హాల్లో కుర్చీ ఒకటి వేసి రావడానికి వెళ్ళాడట. బల్లమీద టమాటా గిర్రున మోగింది. తెరమీద ఒక వరస వెలిగింది.

"పెద్దాయన. దూది పేజీ. ఇంకా పదిహేను సెకన్లు. పొడిగించాలంటే ఎస్ నొక్కండి."

పెద్దాయనంటే నేనే! పద్నాలుగు. పదమూడు. నా వేలు ఎస్‌ను వెతుక్కుంటూ బయల్దేరింది. పై వరస చూసింది, కింది వరస చూసింది. ఎస్ మధ్య వరసలో ఉంటుందట. అది కనబడేసరికి సున్నా. ఎనిమిది నెలల్లో మొదటిసారి తెర నన్ను తోసేసింది.

గడువయ్య కుర్చీ చేత్తో పట్టుకునే పరుగెత్తుకొచ్చాడు. "పోయిందా?"

"పోయిందయ్యా. రోజుకు డెబ్బైసార్లు ఇది నా కోసమా?"

"డెబ్బై ఎక్కడండీ? శుక్రవారాలు తొంభై."

"పెద్దాయనకు గడువు లేదని ప్రోగ్రాములోనే ఒక్క ముక్క రాసేస్తే పోయేదిగా!"

"అమ్మో! మీరు పేజీ తెరిచి కునుకు తీస్తే ఆ తాళం ఇక ఊడదు. అందుకే తలుపులోంచి తొంగిచూసి, మేలుకుని ఉంటేనే నొక్కేవాణ్ణి."

"మరి అదే పేజీ కోసం ఇంకొకరు కాచుకుని ఉంటే?"

"దూది కోసం ఎవరు కాచుకుంటారండీ? అందుకేగా మీకు ఆ పేజీలు ఇప్పించింది."

సీనియారిటీ చూసి ఇచ్చారనుకున్నాను నేను!

"వెళ్ళి మళ్ళీ తెరవండి, పెద్దాయనా," అన్నాడు టమాటా అందుకుంటూ. "ఆ కుర్చీలోంచే లేవాలిగా మీరు."

తెరిచాను. ముగించాను. వెనక గదిలో టమాటా రెండుసార్లు మోగింది. అప్పుడు లేచాను.

సభలో మేనేజరు "పది నిమిషాలు చాలు" అన్నాడు. నేను ఊరి బడితో మొదలుపెట్టాను. పందొమ్మిదో ఎక్కం కిందినుంచి పైకి అప్పజెప్పి పెన్సిలు దగ్గరికి వచ్చేసరికి, ముందు వరసలో టమాటా గిర్రుమంది. హాలంతా గొల్లున నవ్వింది. మేనేజరు చప్పట్లు కొట్టడానికి చేతులెత్తాడు.

గడువయ్య నావైపు చూశాడు. నేను మేలుకునే ఉన్నాను. టమాటాను మళ్ళీ తిప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు.

నేను ఇరవయ్యో ఎక్కం అందుకున్నాను.