కుంభారి దారిలో బాలమణి పగ

కుంభారి కాలనీలో బాలమణిని ఎరగనివాళ్లు లేరు. ఇరవై ఏళ్లు బీడీలు చుట్టిన చేతులతో ఇప్పుడు బ్యాటరీ రిక్షా నడుపుతోంది. ఆమెను ఆ బండి ఎక్కించింది భరత్ మీద కోపమే.

భరత్‌ది డీజిల్ ఆటో. చుట్టిన బీడీలు అప్పజెప్పడానికి పొద్దున్నే పట్నంలోని దాజీ పేట్ కార్ఖానాకు పోయే ఆడవాళ్లకు అదే దిక్కు. మూడేళ్ల కిందట డిసెంబరులో, దారిలో పెళ్లివాళ్లు చెయ్యెత్తారని అతను బాలమణిని బీడీల గంపతో సహా పొలాల మధ్య దింపేశాడు. మంచులో నడిచి కార్ఖానాకు చేరేసరికి బీడీలు చెమ్మగిల్లాయి. అక్కడి గుమాస్తా సగం తీసి పారేశాడు. మరునాడు నిలదీస్తే, నడిస్తే ఒళ్లు తగ్గుతుందిలే అని భరత్ అందరి ముందూ నవ్వాడు.

మహిళా మండలికి బ్యాటరీ రిక్షా వస్తోందని తెలియగానే బాలమణి తన పేరు రాయించింది. కూతురు అశ్విని దగ్గర వారంలో నడపడం నేర్చుకుంది. రోజూ భరత్ కంటే పది నిమిషాల ముందే, అతని స్టాండులోనే బండి పెట్టేది.

మొదటి చలికాలం ఆమెను దెబ్బతీసింది. ఒక తెల్లవారుజామున ఛార్జింగ్ సగం దారిలో పడిపోయింది. వెనకే వచ్చిన భరత్ ఆమె సవారీలను తన ఆటోలోకి ఎక్కించుకున్నాడు.

"గింత చలిల గా డబ్బా నడుస్తదా అక్కా? పోయి బీడీలు చుట్టుకో" అన్నాడు.

ఆమె బండిని తోసుకుంటూ ఇల్లు చేరి, మెకానిక్కును పట్టుకుని సంగతంతా అడిగింది. చలిలో బ్యాటరీ బలం తగ్గుతుందనీ, సరిగ్గా బయలుదేరే వేళకే ఛార్జింగ్ నిండితే బ్యాటరీ వెచ్చగా ఉండి ఎక్కువ దూరం లాగుతుందనీ అతను చెప్పాడు. అప్పటినుంచి వేళ చూసుకుని ప్లగ్గు పెట్టేది. బండి మళ్లీ దారిలో ఆగలేదు. ఆలస్యమైనవాళ్ల కోసం బాలమణి వాళ్ల ఇంటి ముందే కాచుకునేది, ఎవరినీ మధ్యలో దింపేది కాదు.

ఏడాది తిరిగేసరికి భరత్ ఆటో ఖాళీగా తిరిగింది. దాన్ని అమ్మేసి తువ్వాళ్ల కార్ఖానాలో పనికి కుదిరాడు. కార్ఖానా బస్సు తప్పిన ఒక పొద్దున మఫ్లరు చుట్టుకుని బాలమణి బండి దగ్గరికి వచ్చాడు.

"అక్కా, ఎనక జాగ ఉన్నది గదా. నన్ను తీస్కపో."

"జాగ ఉన్నది. నీకే లేదు."

ఎక్కనియ్యమని బండిలోని ఆడవాళ్లు అన్నా ఆమె వినలేదు. ఆ సాయంత్రం సంగతి తెలిసి అశ్విని తల్లితో మాట్లాడలేదు. బాలమణి మాత్రం రోజూ కంటే రెండు రొట్టెలు ఎక్కువే తింది.

ఇప్పుడు భరత్ సైకిలు మీద పనికి పోతున్నాడు. అతన్ని దాటే ప్రతిసారీ, అవసరం లేకపోయినా, బాలమణి గట్టిగా హారన్ కొడుతుంది.